విక్టోరియా కాలపు స్కాట్లాండు వ్యవసాయ కూలీ కుటుంబం

విక్టోరియా మహారాణి పాలనాకాలంలో (1837 - 1901) స్కాట్లాండు పల్లెలలో సొంత భూమి లేని వ్యవసాయ కూలీలు సాధారణంగా ఏడాది ఒప్పందం మీద ఒక కమతానికి కట్టుబడి పనిచేసేవారు. పెళ్ళి అయిన కూలీకి జీతంతో పాటు నివసించడానికి ఒక ఇల్లు ఇచ్చేవారు. ఆ ఇల్లు జీతంలో ఒక భాగం. భర్త గుర్రాలతో నాగలి దున్నేవాడు, భార్య గాని కూతురు గాని పొలం పనికి వెళ్ళేది, పిల్లలు కాస్త ఎదగగానే ఏదో ఒక పనిలో చేరేవారు. ఒప్పందం ముగిసిన రోజున జీతం, ఇల్లు, ఆవు మేత, కూరగాయల దొడ్డి అన్నీ ఒకేసారి పోయేవి. అందువలన ఈ కుటుంబాల జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఆ ఒప్పందాన్ని అర్థం చేసుకోవాలి.

ఈ వ్యాసం ప్రధానంగా లోలాండ్స్ అని పిలువబడే దక్షిణ, తూర్పు ప్రాంతాలకు సంబంధించినది. ఉత్తర, పశ్చిమ దిక్కులలోని హైలాండ్స్ కొండ ప్రాంతాలలో చిన్న చిన్న చెలకలు సాగు చేసుకునే క్రాఫ్టర్ల జీవన విధానం దీనికి చాలా భిన్నమైనది.

నేపథ్యం

18వ శతాబ్దపు ద్వితీయార్ధం నుండి లోలాండ్స్ వ్యవసాయంలో పెద్ద మార్పులు వచ్చాయి. అంతకు పూర్వం కొన్ని కుటుంబాలు కలిసి ఉమ్మడిగా సాగుచేసిన భూములను పెద్ద కమతాలుగా మలిచారు. భూమి "లెయిర్డ్" అనబడే భూస్వామిది. అతని వద్ద దీర్ఘకాలపు కౌలుకు తీసుకుని సాగు చేయించేవాడు రైతు. రైతు కింద జీతానికి పనిచేసేవారు కూలీలు. పాతకాలంలో చిన్న భూమి తునకను సాగుచేసుకుంటూ ఇతరుల పొలాలలో కూడా పనిచేసిన "కాటర్లు" ఈ మార్పులలో తమ తునకలను కోల్పోయి కూలీలుగా మారారు. రాబర్ట్ బర్న్స్ 1786లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ కవితలో కాటర్ ఇంటి శనివారపు రాత్రిని ప్రశాంతంగా చిత్రించాడు. విక్టోరియా కాలపు మధ్యతరగతి పాఠకులు కూలీ కుటుంబాన్ని చాలావరకు ఆ కవిత ద్వారానే ఊహించుకునేవారు. అప్పటికి ఆ కాటర్ తరగతి లోలాండ్స్‌లో దాదాపు అంతరించిపోయింది.

కొత్త పద్ధతి సేద్యంలో టర్నిప్ దుంపకు ముఖ్యమైన స్థానం ఉన్నది. పశువులకు చలికాలపు మేతగా దీనిని పండించేవారు. మొక్కలు పలచన చేయడం, కలుపు తీయడం, మంచులో దుంపలు పీకి ఆకులు కోయడం వంటి పనులకు ఏడాది పొడవునా మనుషులు కావలసి వచ్చేది. కూలీలను రోజువారీగా వెతుక్కోవడం కంటే కమతం పక్కనే వరుస ఇళ్ళు కట్టి కుటుంబాలను ఉంచుకోవడం రైతుకు అనుకూలం. ఇంటికీ పనికీ ముడి పడినది ఇక్కడే.

ఒప్పందం, కూలీల సంత

స్కాట్లాండులో పాత సంప్రదాయం ప్రకారం సంవత్సరానికి రెండు ముఖ్యమైన గడువు దినాలు ఉండేవి: మే 15న విట్‌సన్, నవంబరు 11న మార్టిన్‌మస్. పెళ్ళి కాని పనివారిని ఆరు నెలలకు, పెళ్ళి అయినవారిని ఏడాదికి కుదుర్చుకోవడం వాడుక. ఇందుకోసం పట్టణాలలో కూలీల సంతలు జరిగేవి. వీటిని ఫీయింగ్ మార్కెట్లు అనేవారు. సంత వీధిలో పనివారు నిలబడి ఉంటే రైతులు వచ్చి బేరమాడేవారు. బేరం కుదిరితే రైతు ఒక నాణెం, చాలా చోట్ల ఒక షిల్లింగు, పనివాడి చేతిలో పెట్టేవాడు. దీనికి "ఆర్ల్స్" అని పేరు. మన బయానా వంటిదే. కాగితం మీద ఏమీ వ్రాయకపోయినా ఆ నాణెం తీసుకున్న తరువాత మాట తప్పడానికి వీలులేదు. పని మధ్యలో విడిచి వెళ్ళిన కూలీని జైలుకు పంపే అవకాశం చట్టంలో ఉండేది. మాట తప్పిన యజమాని మీద మాత్రం సివిలు దావా తప్ప మరొక మార్గం లేదు. ఈ అసమానత 1867లో కొంత సడలి, 1875 చట్టంతో తొలగిపోయింది.

పాత పనివాడిని మరొక ఏడాది ఉంచుకోదలచిన రైతు గడువుకు కొన్ని వారాల ముందు అతనిని పిలిచి అడిగేవాడు. అడగకపోతే వెళ్ళిపొమ్మని అర్థం. కారణం చెప్పవలసిన అవసరం లేదు. కొత్త చోటు దొరికేవరకు ఆ ఇంట్లో ఎంత ఆందోళన ఉండేదో ఊహించవచ్చు, ఎందుకంటే చోటు దొరకకపోతే ఇల్లు కూడా దొరకదు.

మే నెలలో గడువు రోజు రాగానే గ్రామీణ రహదారులన్నీ సామాన్ల బండ్లతో నిండిపోయేవి. ఇల్లు మారడాన్ని "ఫ్లిటింగ్" అనేవారు. కుటుంబాన్ని తీసుకు రావడానికి కొత్త రైతు తన బండ్లను పంపేవాడు. మంచాలు, భోషాణాలు, పింగాణీ పాత్రల బీరువా, గోడ గడియారం, కోళ్ళ బుట్ట, అన్నింటి పైన పిల్లలు. ఆవు ఉంటే బండి వెనుక నడిచి వచ్చేది. కొత్త ఇంటికి చేరగానే ఆడవారు ముందుగా నేల కడిగి గోడలకు సున్నం వేసేవారు.

ఏటేటా ఇల్లు మారే ఈ అలవాటును మతాధికారులు, విచారణ సంఘాలు తరచుగా విమర్శించారు. కూలీలలో నిలకడ లేకపోవడమే కారణమని కొందరు వ్రాశారు. అయితే కూలీ వైపు నుండి చూస్తే పరిస్థితి వేరు. సంఘం లేని, వ్రాతపూర్వక హక్కులు లేని మనిషికి తన జీతం పెంచుకోవడానికైనా, కఠినుడైన రైతు నుండి తప్పించుకోవడానికైనా ఉన్న ఒకే ఒక ఆయుధం వెళ్ళిపోవడం. మంచి రైతు వద్ద, మంచి ఇంట్లో అనేక సంవత్సరాలు ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయి.

ధాన్యంగా ఇచ్చే జీతం

ఆగ్నేయ ప్రాంతంలో, అంటే బెర్విక్‌షైర్, రాక్స్‌బరోషైర్, ఈస్ట్ లోథియన్ జిల్లాలలో, ఏడాది జీతానికి కుదిరిన పెళ్ళి అయిన పనివాడిని "హైండ్" అనేవారు. శతాబ్దపు మొదటి భాగంలో హైండ్ జీతంలో డబ్బు పాలు చాలా తక్కువ. ఓట్స్, బార్లీ, బఠాణీలు, ఒక ఆవుకు ఏడాది పొడవునా మేత, పొలంలో బంగాళాదుంపలు వేసుకోవడానికి కొన్ని చాళ్ళు, బొగ్గు తోలకం, ఇల్లు కలిపి జీతంగా లెక్క. ఇంటి అద్దెకు బదులుగా చాలా చోట్ల కోతల కాలంలో ఇంటి ఆడమనిషి కొన్నాళ్ళు కూలి లేకుండా కోత కోయవలసి ఉండేది.

ధాన్యపు జీతానికి ఒక మేలు ఉన్నది. ధరలు పెరిగిన సంవత్సరాలలో పట్టణపు కార్మికుడు రొట్టె కొనలేక ఇబ్బంది పడితే హైండ్ ఇంట పిండి భోషాణం నిండుగా ఉండేది. మిగిలిన ధాన్యాన్ని అమ్ముకోవచ్చు కూడా. ధాన్యం ధరలు పడిపోయిన 1870ల చివరి నుండి పరిస్థితి తారుమారై, కూలీలే డబ్బు జీతం కోరడం మొదలుపెట్టారు. శతాబ్దం ముగిసేనాటికి అనేక ప్రాంతాలలో జీతంలో ఎక్కువ భాగం డబ్బుగా మారింది. అయినా ఇల్లు, బంగాళాదుంపలు, కొంత ఓట్స్ పిండి జీతంలో భాగంగా మిగిలాయి.

రోజు పని పది గంటలు. ఐదేసి గంటల రెండు విడతలుగా గుర్రాలను కట్టేవారు. గుర్రాలకు దాణా వేసి శుభ్రం చేయడానికి దుక్కిపనివాడు తెల్లవారకముందే సాలకు వెళ్ళి, రాత్రి మరొకసారి వచ్చి చూసి పోవలసినదే. ఒక జత గుర్రాలకు ఒక మనిషి అనేది లెక్క. క్లైడ్స్‌డేల్ జాతి గుర్రాల జత ఎంత నిగనిగలాడితే ఆ మనిషికి అంత పేరు.

ఇల్లు

సాధారణంగా కూలీ ఇల్లు ఒక గది గాని రెండు గదులు గాని. రెండు గదుల ఇంటిలో వంట జరిగే ముందు గదిని "బట్" అని, లోపలి గదిని "బెన్" అని పిలిచేవారు. శతాబ్దపు మొదటి భాగంలో గోడలు రాతివి, నేల మట్టిది, కప్పు గడ్డిది గాని ఎర్రటి పెంకులది గాని. చాలా ఇళ్ళకు లోపల పైకప్పు బల్లలు ఉండేవి కావు. నీరు బయటి బావి నుండి మోసుకు రావలసినదే.

ఇక్కడ విశేషంగా చెప్పుకోవలసినది ఒకటి ఉన్నది. రైతు ఇచ్చేది చాలాసార్లు నాలుగు గోడలు, ఒక కప్పు మాత్రమే. పొయ్యి ఇనుప చట్రం, గదిని విభజించే అడ్డు, కొన్ని చోట్ల కిటికీ కూడా కూలీ తన వెంట తెచ్చుకోవాలి. ఈస్ట్ లోథియన్‌లోని ఓల్డ్‌హామ్‌స్టాక్స్ గ్రామ ప్రాంతంలో 1811లో జన్మించిన అలెగ్జాండర్ సోమర్‌విల్, పేద కూలీ కుటుంబంలో పదకొండవ సంతానం. తరువాత సైనికుడై, పత్రికా రచయితగా పేరు పొంది 1848లో తన ఆత్మకథను ప్రచురించాడు. తన తల్లిదండ్రులకు ఒకే ఒక చిన్న అద్దం పలక గల కిటికీ ఉండేదని, ఇల్లు మారిన ప్రతిసారీ దానిని వెంట తీసుకువెళ్ళి కొత్త గుడిసె గోడలో అమర్చుకునేవారని అందులో వ్రాశాడు. వెలుతురు కూడా సొంత సామాను అన్నమాట. ట్వీడ్ నదికి ఇంగ్లాండు వైపున ఉన్న నారమ్ గ్రామపు మతాధికారి విలియం గిల్లీ 1840ల ప్రారంభంలో సరిహద్దు ప్రాంతపు కూలీల ఇళ్ళ గురించి ఒక విజ్ఞప్తి ప్రచురించి, ఇటువంటి పరిస్థితులనే భూస్వాముల దృష్టికి తెచ్చాడు.

గదిని విభజించే అడ్డుగా పనికి వచ్చినది పెట్టె మంచం. మూడు వైపులా బల్లలు, ముందు తలుపులు గాని తెర గాని ఉన్న ఎత్తైన చెక్క మంచమిది. రెండు పెట్టె మంచాలను పక్కపక్కన నిలిపితే ఒక గది రెండు గదులయ్యేది. వాటి మధ్య ఇరుకు దారి గుండా లోపలికి వెళ్ళేవారు. తలుపు మూసుకుంటే చలి తగలదు, కాస్త మరుగు ఉంటుంది. లోపల గాలి మాత్రం ఆడదు. క్షయ వంటి వ్యాధులు వ్యాపించడానికి ఇవి కారణమని వైద్యులు వీటిని నిందించారు. ఎనిమిది, పదిమంది ఒక గదిలో నివసించిన రోజులలో ఇంతకంటే తెలివైన సామాను మరొకటి లేదని కూడా చెప్పాలి.

1861 జనాభా లెక్కలలో స్కాట్లాండులో మొదటిసారిగా ప్రతి ఇంటికి కిటికీ ఉన్న గదులు ఎన్ని అని లెక్కించారు. మొత్తం ఇళ్ళలో దాదాపు మూడవ వంతు ఒంటి గది ఇళ్ళని, దాదాపు 8,000 ఇళ్ళకు ఒక్క కిటికీ కూడా లేదని తేలింది. ఈ అంకెలు పట్టణాలను, పల్లెలను కలిపి చెప్పినవే అయినా దేశంలో పెద్ద కలవరం కలిగించాయి. అప్పటికే హైలాండ్ అండ్ అగ్రికల్చరల్ సొసైటీ మంచి కూలీ ఇళ్ళకు బహుమతులు ఇచ్చి ప్రోత్సహిస్తున్నది. శతాబ్దపు రెండవ భాగంలో అనేక ఎస్టేట్లలో పలక రాయి కప్పు, చెక్క నేల, అమర్చిన పొయ్యి, రెండు మూడు గదులు గల ఇళ్ళు వచ్చాయి. అయితే ఇవి ఎస్టేటును బట్టి మారేవి. స్కాట్లాండు గృహ వసతిపై 1912లో నియమించిన రాయల్ కమిషను 1917లో నివేదిక ఇచ్చేనాటికి కూడా తడి గోడల కూలీ ఇళ్ళు అనేకం మిగిలే ఉన్నాయి.

ఇంట్లో దీపంగా మొదట "క్రూజీ" అనే ఇనుప ప్రమిదలో చేప నూనె వెలిగించేవారు. జేమ్స్ యంగ్ 1850లో బొగ్గు నుండి పారఫిన్ తీసే పద్ధతికి పేటెంటు పొందిన తరువాత వెస్ట్ లోథియన్‌లో దీపపు నూనె తయారీ పెరిగి, క్రమంగా పారఫిన్ దీపం కూలీ ఇళ్ళకు చేరింది.

బాండేజర్

ఆగ్నేయ ప్రాంతపు ఒప్పందంలో మరొక షరతు ఉండేది. హైండ్ తనతో పాటు ఒక పనిమనిషిని, సాధారణంగా స్త్రీని, పొలం పనికి సమకూర్చాలి. రైతు పిలిచిన రోజున ఆమె రావలసినదే. ఈమెను "బాండేజర్" అనేవారు. ఇంట్లో ఎదిగిన కూతురు ఉంటే ఆమె వెళ్ళేది. లేకపోతే భార్య వెళ్ళాలి, లేదా సంతలో ఒక యువతిని కుదుర్చుకోవాలి. కుదుర్చుకున్న యువతికి జీతం, తిండి, పడక హైండ్ ఇవ్వాలి. ఆమె పనిచేసిన రోజులకు మాత్రమే రైతు కూలి ఇచ్చేవాడు. వానలు పడి పని ఆగిన రోజులలో కూలి లేదు, తిండి ఖర్చు మాత్రం ఆగదు. చలికాలం బాగా లేకపోతే హైండ్‌కు ఇది నష్టమే. పైగా ఒంటి గది ఇంట్లో, పిల్లల మధ్య, పరిచయం లేని ఒక యువతికి పడక ఏర్పాటు చేయవలసి వచ్చేది.

ఈ పద్ధతిపై కూలీలకు తీవ్రమైన అసంతృప్తి ఉండేది. "బాండేజ్" అన్న పేరులోనే దాస్యం అనే అర్థం ఉన్నది. 1860లలో కూలీలు సభలు జరిపి దీనికి వ్యతిరేకంగా మాట్లాడారు. 1867లో నియమించిన రాయల్ కమిషను వ్యవసాయంలో పిల్లల, స్త్రీల పనిని విచారించినప్పుడు ఈ విషయం కూడా చర్చకు వచ్చింది. కమిషను ముందు మాట్లాడిన రైతులు, మతాధికారులు ఎక్కువగా స్త్రీల నడవడి గురించి, మోటుదనం గురించి చింతించారు. హైండ్లకు ఉన్న బాధ లెక్కకు సంబంధించినది. క్రమంగా బయటి యువతిని తెచ్చే నిర్బంధం సడలింది. అయితే కూతుళ్ళు ఎక్కువగా ఉన్న కుటుంబానికే రైతులు మంచి ఇల్లు, మంచి జీతం ఇవ్వజూపడం 20వ శతాబ్దంలో కూడా కొనసాగింది.

బాండేజర్ల దుస్తులు ప్రసిద్ధమైనవి. వెడల్పు అంచుల గడ్డి టోపీ, దాని కింద తలకు మెడకు చుట్టిన గుడ్డ, బిగుతైన రవిక, మందపాటి చారల పావడా, బరువైన బూట్లు. స్త్రీ కూలి పురుషుడి కూలిలో దాదాపు సగం. టర్నిప్ పొలంలో గడ్డకట్టిన దుంపలను పీకే పనిలో మాత్రం సగం అన్నది ఏమీ లేదు.

ఇల్లాలి పని, ఆహారం

ఇంటి ఇల్లాలి రోజు పురుషుడి రోజు కంటే ముందుగా మొదలై తరువాత ముగిసేది. పొయ్యి వెలిగించడం, నీళ్ళు మోయడం, ఆవు పాలు పితకడం, వెన్న తీయడం, పందిని మేపడం, బట్టలు ఉతకడం, అల్లడం ఆమె పనులు. కోతల సమయంలో వీటన్నింటితో పాటు పొలం కూడా. పసిపిల్లలను పెద్ద కూతురు చూసేది. కూతురు లేకపోతే ముసలమ్మకు కాస్త డబ్బు ఇచ్చి అప్పగించేవారు.

ఆహారానికి మూలం ఓట్స్ పిండి. ఉదయం పాలతో ఓట్స్ జావ. మరుగుతున్న నీటిని ఉప్పు కలిపిన పిండిపై పోసి కలిపితే అది "బ్రోజ్". ఇనుప పెనం మీద కాల్చిన పలుచని ఓట్స్ రొట్టెలు, బార్లీ పిండి, బఠాణీ పిండి కలిపి చేసిన దళసరి "బానక్" రొట్టెలు నిల్వకు ఆగేవి. మధ్యాహ్నం బార్లీ, కేల్ ఆకు వేసి కాచిన చారు, బంగాళాదుంపలు. ఉప్పు చేప అప్పుడప్పుడు. మాంసం అంటే చాలావరకు సొంత పంది. కేల్ ఆకు పెరిగే దొడ్డి ప్రతి ఇంటికీ ఉండేది.

1860లలో డాక్టర్ ఎడ్వర్డ్ స్మిత్ బ్రిటన్ పేద కుటుంబాల ఆహారాన్ని పరిశీలించినప్పుడు, రొట్టె, టీ మీద బతికే దక్షిణ ఇంగ్లాండు కూలీల కంటే స్కాట్లాండు కూలీలు పాలు, ఓట్స్ ఎక్కువగా తీసుకుంటున్నట్లు గమనించాడు. రాబర్ట్ హచిసన్ అదే దశాబ్దంలో స్కాట్లాండు కూలీల భోజనంపై విడిగా పరిశోధన చేశాడు. ఇల్లు అధ్వాన్నంగా ఉన్నా తిండి అంత అధ్వాన్నం కాదన్నది ఈ పరిశీలనల వలన తెలిసేది. దీనికి మినహాయింపు 1846లో వచ్చిన బంగాళాదుంప తెగులు. అది హైలాండ్స్‌ను దారుణంగా దెబ్బతీసింది. ధాన్యపు జీతం ఉన్న లోలాండ్స్ కూలీలు అంతగా నష్టపోలేదు.

శతాబ్దపు చివరి దశాబ్దాలలో బేకరీ బండి, కిరాణా బండి కమతాల వద్దకు రావడం మొదలయింది. టీ, తెల్ల రొట్టె, జాము, చక్కెర వచ్చాయి. ఆవుకు బదులు డబ్బు ఇచ్చే పద్ధతి పెరిగిన చోట్ల పిల్లలకు పాలు తగ్గాయి. జీతం లెక్కలో పెరిగి, పళ్ళెంలో తగ్గిన సందర్భమిది.

పిల్లలు, చదువు

స్కాట్లాండులో ప్రతి పారిష్‌కు ఒక బడి ఉండాలన్న సంప్రదాయం 17వ శతాబ్దం నాటిది. అందువలన కూలీ కుటుంబాలలో కూడా చదవడం వచ్చినవారు ఎక్కువగానే ఉండేవారు. బైబిలు చదవడం కోసమైనా అక్షరాలు నేర్పేవారు. బడికి రుసుము కట్టాలి, చలికాలంలో కొన్ని చోట్ల పిల్లలు పొయ్యికి బొగ్గో పీటో తీసుకు వెళ్ళాలి. ఎనిమిది తొమ్మిదేళ్ళకు పశువులు కాయడానికి వెళ్ళిన బాలుడికి బడి చలికాలపు వ్యవహారం మాత్రమే.

1872 విద్యా చట్టం 5 నుండి 13 ఏళ్ళ వరకు చదువును నిర్బంధం చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన హాజరు పెరగలేదు. టర్నిప్ మొక్కలు పలచన చేసే జూన్ నెలలో, బంగాళాదుంపలు తవ్వే అక్టోబరులో పిల్లలు పొలాలలోనే ఉండేవారు. దీనికి తోడు మే నెల ఫ్లిటింగ్. విద్యా సంవత్సరం మధ్యలో కొందరు పిల్లలు హఠాత్తుగా మాయమై, కొత్త ముఖాలు వచ్చి చేరేవి. ప్రతి బడిలో మాస్టరు రోజువారీ పుస్తకం వ్రాయడం తప్పనిసరి కనుక ఈ సంగతులన్నీ ఆ పుస్తకాలలో నమోదయి ఉన్నాయి.

పదమూడు, పద్నాలుగేళ్ళకు కూతురు పొలం పనికో, ఇళ్ళలో పనికో వెళ్ళేది. కొడుకు గుర్రాల సాలలో కుర్ర పనివాడుగా చేరేవాడు. వారి జీతంలో కొంత ఇంటికి వచ్చేది. కుటుంబానికి కాస్త కలిగిన కాలమంటే పిల్లలు ఎదిగి, ఇంకా పెళ్ళిళ్ళు కాని ఈ కొద్ది సంవత్సరాలే.

బోతీలు, చామర్లు: ఇల్లు లేని పద్ధతి

అన్ని ప్రాంతాలలోను పెళ్ళి అయినవారికి ఇళ్ళు ఉండేవి కావు. యాంగస్, పెర్త్‌షైర్, ఫైఫ్ ప్రాంతాలలో పెళ్ళి కాని పురుషులను "బోతీ" అనే ఒకే గది కొట్టంలో ఉంచేవారు. వంట వారే చేసుకోవాలి. ఒక్కొక్కరికి ఏడాదికి ఆరున్నర "బోల్" ల ఓట్స్ పిండి వాడుక. బోల్ అంటే దాదాపు 63.5 కిలోలు. అంటే వారానికి సుమారు 8 కిలోల పిండి, దానితో పాటు రోజూ పాలు. రోజుకు మూడు పూటలా బ్రోజ్ తిన్నవారు ఉన్నారు. ఈశాన్యంలోని అబర్దీన్‌షైర్ ప్రాంతంలో పనివారు రైతు వంటింట్లో తిని, గుర్రపు సాల వద్ద "చామర్" అనే గదిలో పడుకునేవారు. ఈ రెండు చోట్లా పుట్టిన పాటలను తరువాత "బోతీ బల్లాడ్లు" అని సేకరించారు. వాటిలో పిసినారి రైతుల పేర్లు, చెడ్డ తిండి తరచుగా కనిపిస్తాయి.

ఈ ప్రాంతంలో పెళ్ళి చేసుకోవడమంటే ఇల్లు వెతుక్కోవడం. కమతంపై ఇల్లు లేనందున భార్యాపిల్లలను దూరపు ఊరిలో అద్దె గదిలో ఉంచి, తాను చామర్‌లో ఉంటూ వారానికో రెండు వారాలకో ఒకసారి చూసివచ్చిన పురుషులు చాలామంది. 1855లో జననాల నమోదు తప్పనిసరి అయిన తరువాత వివాహం కాకుండా పుట్టిన పిల్లల సంఖ్య బాన్ఫ్‌షైర్, అబర్దీన్‌షైర్ వంటి ఈశాన్య జిల్లాలలో ఎక్కువగా ఉన్నట్లు బయటపడి దేశమంతటా చర్చ జరిగింది. పత్రికలు దీనిని నీతికి సంబంధించిన విషయంగా చూశాయి. ఇళ్ళ కొరత గురించి మాట్లాడినవారు తక్కువ. అటువంటి పిల్లలను సాధారణంగా అమ్మమ్మ పెంచేది, తల్లి మళ్ళీ పనికి వెళ్ళేది. ఒకే ఇంటిలో అమ్మమ్మ, తాత, మనవడు ఉండి, మధ్య తరం కనిపించని కుటుంబాలు జనాభా లెక్కలలో కనిపిస్తాయి.

జబ్బు, వైధవ్యం, ముసలితనం

దుక్కిపనివాడు మరణిస్తే అతని స్థానంలో కొత్తవాడు రావాలి, కొత్తవాడికి ఇల్లు కావాలి. కనుక వితంతువు గడువు నాటికి ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చేది. పనికి వెళ్ళగల కూతుళ్ళు ఉన్న వితంతువుకు ఆగ్నేయ ప్రాంతంలో కొందరు రైతులు పొలం పని షరతుపై ఒక గది ఇచ్చేవారు. పిల్లలు చిన్నవారైతే ఆ అవకాశం కూడా లేదు.

1845 పేదల చట్టం ప్రకారం ప్రతి పారిష్‌లో ఒక పరోకియల్ బోర్డు ఏర్పడింది. ఒళ్ళు బాగున్న నిరుద్యోగికి సహాయం పొందే హక్కు స్కాట్లాండులో లేదు. వృద్ధులు, రోగులు, చిన్నపిల్లలు గల వితంతువులు అడగవచ్చు. అయితే అడిగిన పారిష్‌లో వారికి స్థిర నివాసం ఉండాలి. ఇందుకు ఎడతెగకుండా ఐదేళ్ళు ఆ పారిష్‌లో ఉండి ఉండాలని చట్టం. ఏడాదికో రెండేళ్ళకో ఇల్లు మారే కూలీకి ఇది చాలాసార్లు సాధ్యమయ్యేది కాదు. అప్పుడు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వచ్చి, అతను పుట్టిన పారిష్ వరకు వెళ్ళేది. ఒక వితంతువు ఆకలి విషయంలో రెండు బోర్డులు ఉత్తరాలు వ్రాసుకోవడం, కోర్టుకెక్కడం జరిగేది. 1898లో ఈ గడువును మూడేళ్ళకు తగ్గించారు.

పని చేయలేని ముసలివారు చివరికి ఊరి అంచున ఒక గది అద్దెకు తీసుకుని, పిల్లలు పంపే డబ్బుతోను, పారిష్ ఇచ్చే కొద్దిపాటి సొమ్ముతోను గడిపేవారు. 1909 జనవరి నుండి 70 ఏళ్ళు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల వరకు ప్రభుత్వ పింఛను లభించింది.

తరువాతి మార్పులు

1850ల నుండి కోత యంత్రాలు వ్యాపించడంతో కోతల కూలి తగ్గింది. కోత యంత్రాలలో తొలి విజయవంతమైన నమూనాను 1828 ప్రాంతంలో తయారుచేసిన పాట్రిక్ బెల్ యాంగస్ జిల్లాకు చెందినవాడే. రైల్వేలు వచ్చి, పట్టణాలలో జీతాలు పెరగడంతో యువతులు పొలం పని వదిలి వెళ్ళసాగారు. కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లకు వలసపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పనివారు తగ్గడంతో మిగిలినవారి జీతాలు కొంత పెరిగాయి.

1886లో వచ్చిన క్రాఫ్టర్ల చట్టం హైలాండ్స్‌లో క్రాఫ్టర్లకు భూమిపై, ఇంటిపై స్థిరమైన హక్కు ఇచ్చింది. లోలాండ్స్ కూలీకి అటువంటి హక్కు ఏదీ రాలేదు. ఇల్లు పనితోనే ముడిపడి ఉండిపోయింది. 1912లో స్కాటిష్ ఫార్మ్ సర్వెంట్స్ యూనియన్ ఏర్పడేవరకు నిలకడగా కొనసాగిన సంఘం కూడా వీరికి లేదు.

కుటుంబాల జాడ

ఈ కుటుంబాలు తమ గురించి తాము వ్రాసుకున్నది చాలా తక్కువ. సోమర్‌విల్ వంటివారు అరుదు. కనుక వీరి జీవితాన్ని తెలుసుకోవడానికి జనన మరణ నమోదులు, జనాభా లెక్కలు, బడి పుస్తకాలు, పేదల సహాయపు దరఖాస్తులు ముఖ్యమైన ఆధారాలు. స్కాట్లాండు నమోదులలో వివాహితకు పుట్టింటి పేరు కూడా వ్రాసే ఆచారం ఉన్నందున స్త్రీల వంశాన్ని గుర్తించడం ఇంగ్లాండు కంటే సులభం. 1851 నుండి జనాభా లెక్కలలో ప్రతి ఒక్కరి జన్మస్థలమైన పారిష్ పేరు వ్రాశారు. ఒక దుక్కిపనివాడి ఇంటి పట్టీ చూస్తే తండ్రి ఒక పారిష్‌లో, తల్లి మరొక పారిష్‌లో, ఐదుగురు పిల్లలు నాలుగైదు వేరు వేరు పారిష్‌లలో పుట్టినట్లు ఉండటం సాధారణం. పిల్లల వయసులను ఆ ఊళ్ళ పేర్లతో జతచేసి చూస్తే, ఆ కుటుంబం ఏ ఏ సంవత్సరాలలో ఏ కమతం దగ్గర ఉన్నదో, మంచం, గడియారం, భోషాణం బండికి ఎత్తుకుని ఏ దారిన వెళ్ళిందో చాలావరకు చెప్పవచ్చు.